చిపీవా కుక్కలకు పెట్టిన పేర్లు

మా వైపు ఎవరికైనా ఎవరి మీదైనా కడుపు మండితే తిట్టరు, కొట్టరు. ఓ కుక్కపిల్లను తెచ్చుకుంటారు. తిట్టాలనుకున్నదంతా ఆ కుక్క పేరులో కూరి, పొద్దున్నా సాయంత్రం పక్కింటి వైపు తిరిగి గొంతు చించుకుని దాన్ని పిలుస్తారు. పక్కింటివాడు వింటాడు, పళ్ళు నూరుతాడు, అంతకుమించి ఏమీ చెయ్యలేడు. కుక్క పేరుకి ఎవడు ఉలిక్కిపడితే ఆ పేరు వాడిదేనని ఊరు తీర్మానించేస్తుంది. "నా కుక్కను నేను పిలుచుకుంటే నీకెందుకయ్యా దురద?" అంటే ఏం చెప్తాడు? అందుకని మా ఊరి పెద్దమనుషులంతా కుక్కల పేర్లు వినబడనట్టు నటించడంలో ఆరితేరిపోయారు. నటించడంలోనే లెండి, ఇంకే పనిలోనూ కాదు.

అలాంటి ఊళ్ళో కూడా చిపీవా పెట్టినంత ఘాటైన పేర్లు ఎవరూ పెట్టలేదు. సావే నదికి ఈ ఒడ్డున లేరు, ఆ ఒడ్డునా లేరు.

చిపీవా వాళ్ళ నాన్న వేటగాడు. కుక్కల్ని వెంటేసుకుని గుట్టల్లో కుందేళ్ళ కోసం తిరిగే మనిషి. మొదటి కుక్క మనిషి నిప్పు దగ్గరికి ఎందుకొచ్చిందో ఆయన పిల్లలకు చెప్పేవాడు. అందరూ అనుకున్నట్టు ఎముక కోసం రాలేదట. మనుషులు నిప్పు చుట్టూ కూర్చుని ఏం మాట్లాడుకుంటారో వినాలని వచ్చిందట. మనుషులకు భయమేసి, "విన్నది బయట చెప్పనని మాటిస్తేనే కూర్చో" అన్నారట. కుక్క మాటిచ్చింది. "అందుకే దానికి అంత చెవులున్నా ఒక్క మాట రాదు" అని నవ్వేవాడాయన. "కుక్క మాట నిలబెట్టుకుందమ్మా. మనిషి తిరిగి దానికేం మాటిచ్చాడో మాత్రం ఎవరికీ గుర్తులేదు."

చిపీవాను నది అవతల ఊరికిచ్చారు. అత్తవారింట కోడలు మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లగా చేతులు చరిచి, తల దించుకుని మాట్లాడాలి. చిపీవా తల బాగానే దించేది. నాలుకే దిగేది కాదు. పెళ్ళైన ఏడాదికి పుట్టింటి నుంచి ఓ గోధుమరంగు కుక్కపిల్లను తెచ్చుకుంది.

"దాని పేరేంటే?" అని అడిగింది అత్తగారు.

"హముజీవి, అత్తయ్యా." మా మాటలో 'మీకేం తెలీదు' అని అర్థం.

"అదేం పేరు?"

"కుక్క పేరే, అత్తయ్యా."

ఆ పెద్దావిడ సద్జా, అదే మొక్కజొన్న పిండి సంకటి, ఎలా గిలకాలో, చీపురెలా పట్టుకోవాలో పాఠం మొదలెట్టగానే చిపీవా వాకిట్లోకి పోయి, "మీకేం తెలీదూ! ఇలా రా! మీకేం తెలీదూ!" అని పిలిచేది. అత్తగారు మింగలేక కక్కలేక కూర్చునేది. మొగుడు నవ్వు ఆపుకోలేక పశువుల దొడ్డిలోకి పారిపోయేవాడు. అప్పటికింకా నవ్వే మొగుడే ఆమెకి.

అంతలో తమ్ముడొచ్చిపడ్డాడు. పేరు గరికాయి. 'సుఖంగా ఉండండి' అని అర్థం. అందరి సంగతీ ఏమో గాని, తను మాత్రం ఆ పేరుకి ఏనాడూ మచ్చ తేలేదు. మిషన్ బడిలో చదువుతూ ఎవరి పిల్లనో కడుపుతో చేశాడు. ఆ పిల్ల అన్నదమ్ములు దుడ్డుకర్రలు పట్టుకుని వెతుకుతుంటే, మహావీరుడు అక్క ఊరికి పరిగెత్తుకొచ్చి, ఊరి బయట రాతిగుట్ట ఎక్కి దాక్కున్నాడు. ఆ ఊరి పూర్వీకుల్ని పాతిపెట్టిన గుట్ట అది. కర్మకాండ ఉంటే తప్ప ఎవరూ అటు తొంగిచూడరు. దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆ గుట్ట దిగుతూ ఎవరి కంటనైనా పడితే అంతకన్నా పెద్ద తప్పూ లేదు. తెల్లవారుజామున సమాధుల దగ్గర పనేముంటుంది, మంత్రగత్తెలకు తప్ప?

చిపీవాకి ఆ సంగతి తెలియక కాదు. ఆకలితో ఉన్నవాడు తమ్ముడాయె. ఇంకా వెలుగు రాకముందే సద్జా ముద్ద, వేరుశనగ ముద్ద కలిపిన ఆకుకూర మూటగట్టి, హముజీవిని వెంటబెట్టుకుని గుట్టెక్కేది. గరికాయి తింటూ కుక్కకీ ఓ ముద్ద వేసేవాడు. అది వాడి మోకాలి మీద గడ్డం ఆనించి పడుకునేది. కొన్నాళ్ళకి ఆ పిల్లవైపు వాళ్ళు పరువు కోసం గొడవను గుట్టుగా కప్పెట్టేశారని కబురొచ్చింది, వాడు ఇంటికి జారుకున్నాడు.

ఆ నెలలోనే చిపీవా బావగారి బిడ్డ జ్వరంతో చచ్చిపోయాడు. ఏడ్చే ఇంట్లో ఎవరికో గుర్తొచ్చింది, "మీ చిన్నకోడలు పొద్దుపొడవకముందే కుక్కతో సమాధుల గుట్ట దిగుతుంటే చూశాను" అని. ఎముకలు విసిరి జోస్యం చెప్పేవాణ్ణి పిలిపించారు. పిలిపించినవాళ్ళకి ఎలా కావాలో ఆ ఎముకలు అలాగే పడ్డాయి. అవెప్పుడైనా వేరేగా పడ్డాయా?

"నా తమ్ముడికి కూడు పట్టుకెళ్ళానయ్యా. వాణ్ణే అడగండి" అంది చిపీవా.

అడిగారు, పాపం. మనిషిని పంపించి మరీ అడిగారు. అప్పటికి గరికాయికి మిషన్ పంతులుగారి కూతురు యూనిస్‌తో సంబంధం కుదిరింది. గుట్ట మీద ఎందుకు దాక్కున్నావంటే పాత కథంతా బయటపడుతుంది, సంబంధం చెడుతుంది. "గుట్టా? ఏ గుట్ట? నేను మిషన్‌లో ఉన్నానే!" అన్నాడు.

అంతే. ఒక్క ముక్కతో అక్క కాపురం గంగలో కలిసింది. నవ్వే మొగుడు గుమ్మంలో నిలబడి, గోడకు చెప్పినట్టు "వెళ్ళు" అన్నాడు. చిపీవా ఓ కుండ, ఓ దుప్పటి పట్టుకుని నది దాటి వచ్చేసింది. వెనకాల కుక్క.

నాన్న వాకిట్లో ఓ గుడిసె వేయించి, ఏటిపక్క చెలక చూపించి, "ఇది నీది" అన్నాడు. చిపీవా తమ్ముడి దగ్గరికెళ్ళి నిలబడింది.

"నాకేం వద్దురా. ఊళ్ళో ఒక్క మాట చెప్పు. 'మా అక్క నాకు కూడు తెచ్చింది' అను చాలు."

"చెప్తానక్కా. పెళ్ళి కానీ."

పెళ్ళైంది. "చెప్తానక్కా, యూనిస్ నీళ్ళోసుకుంది, ఇప్పుడెందుకు?" బిడ్డ పుట్టింది. "చెప్తానక్కా, చర్చిలో పెద్దని చేస్తున్నారు, కాస్త ఆగు." ఆగింది. అతను పెద్దయ్యాడు, పొట్ట పెరిగింది, కోటొచ్చింది. మాట మాత్రం రాలేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. తెల్లదొరల మీద తిరగబడి కొండలెక్కిన కుర్రాళ్ళు రాత్రిళ్ళు ఊళ్ళోకి వస్తుంటే కుక్కలు మొరిగేవి, ఆ మొరుగుడు వెంట సైనికులొచ్చేవాళ్ళు. కుక్కల్ని చంపెయ్యమని ఆ కుర్రాళ్ళ హుకుం వచ్చింది. ఊరు ఒక్క పూటలో ఆ పని కానిచ్చేసింది. ఎంత సులువో తెలుసా? కుక్కను పట్టుకోనక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే చాలు, అదే తోకూపుకుంటూ వస్తుంది. నిప్పు పక్కన కూర్చున్న మొదటి రోజు నుంచీ కుక్క నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం అది, దాంతోనే దాన్ని చంపారు. హముజీవి మాత్రం ఎవరికీ దొరక్కుండా చెలకలో నక్కింది. చిపీవా నోరు కట్టేసుకుని గుడిసెలో కూర్చుంది, పిలవనంది. అప్పుడు గరికాయిని పంపారు. గరికాయి పిలిచాడు, అది వచ్చింది. గుట్ట మీద ముద్ద పెట్టిన చెయ్యి కదా! వచ్చి అతని మోకాలికి గడ్డం ఆనించింది.

ఆ రోజు తర్వాత చిపీవా తమ్ముణ్ణి ఏమీ అడగలేదు.

యుద్ధం ముగిసింది, జెండా మారింది, నాన్న పోయాడు. కుక్కల్లేని ఊరని బబూన్ కోతులకెవరు చెప్పారో గాని, గుంపులు గుంపులుగా దిగి మొక్కజొన్న కంకులు పాలు పోసుకుంటుండగానే విరుచుకుపోవడం మొదలెట్టాయి. అందరికన్నా ముందు మళ్ళీ కుక్కను తెచ్చింది చిపీవాయే. దానికి బబూన్లను తరమడం నేర్పింది కూడా ఆమే. ఇంకేం, ఊరంతా ఆమె వాకిట్లోకి చేరింది. ఎవరు? కోడిపెట్ట గుడ్డు పెట్టకపోయినా చిపీవా కళ్ళు పడ్డాయన్నవాళ్ళు. ఆమె దారిలో ఎదురైతే పిల్లల మొహాలు కొంగులో దాచుకున్నవాళ్ళు. వాళ్ళే ఇప్పుడు చేతులు చరిచి, పళ్ళికిలించి, "అత్తా, నీ కుక్కను ఒక్క పూట ఇస్తావా?" అని.

"ఎందుకివ్వనమ్మా? తీసుకెళ్ళండి. పేరు పెట్టి పిలిస్తేనే కదులుతుంది, అదొక్కటే."

"పేరేంటత్తా?"

"హతిన్యారి."

'మాకు సిగ్గులేదు' అని దానర్థం!

ఇంక చూడండి ఆ సంబరం. వానాకాలమంతా తెల్లారేసరికి ఏ చెలకలో విన్నా ఒకటే కేక, "మాకు సిగ్గులేదూ! మాకు సిగ్గులేదూ! ఉస్కో!" ఊరిపెద్ద ముపాట గొంతు బొంగురు, ఆయన కేక నది అవతలికి కూడా వినబడేది. ఆయన భార్య, రువింబో వాళ్ళమ్మ, గౌరవం పోతుందని మెల్లగా పిలిచి చూసింది. కుక్క చెవి కూడా ఆడించలేదు. పాపం, రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పట్టుకుని అరవాల్సొచ్చింది. చిపీవా తన వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "అవునమ్మా, తెలుసమ్మా" అని గొణుక్కునేది.

ఆ కుక్క ముసలిదయ్యాక దాని పిల్లను ఉంచుకుంది. దానికి తౌరాయి అని పేరు పెట్టింది. 'చెప్పండి' అని అర్థం. సాయంత్రమయ్యేసరికి తమ్ముడి ఇంటి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "చెప్పండీ! చెప్పండీ!" అని పిలిచేది. కుక్కకి 'అండి' ఏంటని ఎవరో అడిగితే, "చర్చి పెద్దల పక్కిల్లు కదమ్మా, మర్యాద ఉండాలి" అంది. గరికాయి తలుపేసుకుని గట్టిగా ప్రార్థన చేసుకునేవాడు.

యూనిస్‌కి ప్రార్థన సరిపోలేదు. ఆమె కళ్ళు ఏటిపక్క చెలక మీద పడి చాలా కాలమైంది. రువింబో వాళ్ళమ్మకేమో గొంతులో ఆ కేక ముల్లులా ఉండిపోయింది. కుక్క పేరు మీద పంచాయితీ పెట్టలేరు కదా, పెడితే ఆ పేరు తమదేనని ఒప్పుకున్నట్టే. ఇద్దరూ చెవులు కొరుక్కుని వేరే దారి కనిపెట్టారు. బబూన్లు అందరి చెలకల్లోనూ పడుతున్నాయి, చిపీవా చెలకలో పడటంలేదు. అంటే? వాటిని పంపేది చిపీవాయే! ఆమె చెలకకు కుక్క కాపలా ఉందన్న సంగతి ఇంత ఊళ్ళో ఒక్క బుర్రకీ తట్టలేదు. తట్టినా నోటిదాకా రాలేదు.

కంకులు నిండే రోజుల్లో ఊరిపెద్ద వాకిట్లో చెట్టు నీడన పంచాయితీ పెట్టారు. చిపీవా చాప మీద కాళ్ళు మడిచి కూర్చుంది. తౌరాయి అవతల గాదె కింద పడుకుంది. గరికాయి కోటేసుకుని ముందు వరసలో ఉన్నాడు. అతని పక్కనే మతాంబో చిన్నాన్న, వాళ్ళ నాన్నకి తమ్ముడు. వయసులో ఉండగానే జోహన్నెస్‌బర్గ్ బంగారు గనులకు పోయి, అక్కడే ముసలివాడై, కిందటేడే తిరిగొచ్చాడు. మందుగుండు చప్పుళ్ళకి చెవులు పోయాయి. అరిస్తే తప్ప వినబడదు. చాడీలు చెవిలో ఊదేవే గాని అరిచి చెప్పేవి కావు కదా, అందుకని ఊరందరిలోనూ ఏ చాడీ తెలియని మనిషి ఆయనొక్కడే. అందరూ తలూపినప్పుడు ఆయనా తలూపేవాడు.

యూనిస్ మొదలెట్టింది. "వదినగారంటే నాకెంతో గౌరవం. కానీ నది అవతల ఏం జరిగిందో అందరికీ తెలుసు. సమాధుల గుట్ట మీంచి కుక్కతో దిగిన మనిషి బబూన్లను పంపలేదంటే ఎవరు నమ్ముతారు?"

"ఔను మరి" అంది రువింబో వాళ్ళమ్మ.

ఊరిపెద్ద ముపాట చిపీవా వైపు తిరిగాడు. "చూడమ్మా, ఆ పాత మచ్చ ఉన్నంతకాలం ఊరికి భయమే. నీ పక్షాన చెప్పేవాళ్ళెవరైనా ఉంటే చెప్పించు. లేదంటే వానలు వెనకబట్టాక నాన్న ఇల్లు, చెలక వదిలి వెళ్ళిపోవాలి."

"ఎక్కడికెళ్ళను పెద్దయ్యా?"

"అది నువ్వు చూసుకోవాలి."

చిపీవా తమ్ముడి వైపు చూసింది. అడగలేదు, ఊరికే చూసింది. ఆ చూపులో ఇన్నేళ్ళ ఆశా ఉంది, దాని మీద అసహ్యమూ ఉంది. గరికాయి కోటు బొత్తాం సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అందరూ అతని వైపు తిరిగారు. "కుటుంబ విషయం కదండీ... దేవుడే చూసుకుంటాడు" అన్నాడు. ఛీ! చర్చిలో గంటల తరబడి ప్రసంగాలు దంచే నోరది.

సరిగ్గా అప్పుడే ఏటివైపు నుంచి ఎవరో ఆడమనిషి కేక వేసింది. "బబూన్లు! గరికాయి చెలకలో పడ్డాయి! గుంపంతా దిగింది!"

అక్క ఇల్లు పోతుంటే లేవని మనిషి, కంకులు పోతున్నాయనగానే బాణంలా లేచాడు. గాదె మతాంబో చిన్నాన్న వెనకాల ఉంది. గరికాయి అటు తిరిగి, చేతులు చాచి, నరాలు తెగేలా అరిచాడు.

"తౌరాయీ! తౌరాయీ! చెప్పండీ!"

కుక్క గాదె కిందనుంచి దూసుకొచ్చి చెలక వైపు పరిగెత్తింది. ముసలాయన కుక్కను చూడలేదు. తన ఎదురుగా నిలబడి, చేతులు చాచి, అన్న కొడుకు "చెప్పండి, చెప్పండి" అని బతిమాలుతుండటం చూశాడు. కర్ర ఊతగా లేచాడు. పద్ధతి ప్రకారం చేతులు చరిచి అందరికీ దణ్ణం పెట్టాడు.

"సరే నాయనా. నువ్వే చెప్పమన్నావు కాబట్టి చెప్తాను. లేకపోతే ఈ నోరు విప్పేవాణ్ణి కాదు. ఎవరికీ చెప్పొద్దని ఆనాడు నువ్వు నా కాళ్ళు పట్టుకున్నావు కదా."

"చిన్నాన్నా, కూర్చోండి, మిమ్మల్ని కాదు, కుక్కను..." అన్నాడు గరికాయి. ఎవరికి చెప్తున్నాడు? ఆ చెవులకా?

"నేను గనులకు పోయిన రోజున బస్సు కోసం నది దాటి నడుస్తున్నాను. దగ్గరి దారని సమాధుల గుట్ట పక్కనుంచి పోయాను. చూద్దును కదా, మన గరికాయి బండమీద కూర్చుని సద్జా తింటున్నాడు. అది తెచ్చిన చిపీవా నీళ్ళకని అవతలి వైపు దిగుతోంది, నన్ను చూడలేదు. వీడి మోకాలి మీద ఓ గోధుమరంగు కుక్క. ఏంట్రా అంటే, బళ్ళో ఓ పిల్లకి కడుపు చేసిన సంగతి చెప్పి ఏడ్చాడు. ఆ కుక్క కూడా వినింది. మేమిద్దరం చెప్పలేదు, అదీ నేనూ." పక్కకి తిరిగి మంచి మనసుతో అడిగాడు, "అవును నాయనా, ఇంతకీ ఆ పిల్లకు ఏ బిడ్డ పుట్టింది?"

వాకిలంతా చల్లబడిపోయింది. యూనిస్ మొగుడి మొహంలోకి చూసింది. ఆ ఇంట్లో ఆ తర్వాత ఏం జరిగిందో నేను చెప్పను, ఊహించుకోవడం ఏమంత కష్టం కాదు. ఊరిపెద్ద నేలమీద పుల్లతో గీతలు గీశాడు. అన్నేళ్ళుగా ఆమెను మంత్రగత్తె అన్న ఒక్కరికీ తలెత్తడానికి మొహం చెల్లలేదు. తెలిసినవాళ్ళు తెలియనట్టు, తెలియనివాళ్ళు ముందే తెలిసినట్టు చూపులు తిప్పుకున్నారు. చివరికి ఊరిపెద్దే, "ఇల్లూ చెలకా చిపీవావే. ఇంకెవరూ ఆ మాట ఎత్తడానికి వీల్లేదు" అని లేచిపోయాడు. నది అవతలికి కబురు కూడా పంపించాడు. నవ్వే మొగుడు చనిపోయి అప్పటికి చాలా కాలమైంది. ఆ మాట వినాల్సిన మనిషి వినలేదు.

మర్నాడు గరికాయి మేకను తోలుకుని అక్క వాకిట్లోకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అక్కా, అయిపోయిందేదో అయిపోయింది. చివరికి నా నోటితోనే కదా బయటపడింది."

చిపీవా వేరుశనక్కాయలు ఒలవడం ఆపలేదు. "ఇన్నేళ్ళూ నిన్ను మాట్లాడమన్నాన్రా. నువ్వు మాట్లాడలేదు. కుక్కను పిలిచావు, అంతే."

అతను తల దించుకున్నాడు. ఆ పైన, ఏం మనిషో చూడండి, "బబూన్లు చెలకంతా తినేశాయక్కా. తౌరాయి ఈనింది కదా. ఒక పిల్లనిస్తావా?" అన్నాడు.

ఇచ్చింది. గోధుమరంగుదాన్నే ఏరి, పెంచి, బబూన్లను తరమడం నేర్పి మరీ ఇచ్చింది. పేరు పెట్టే ఇచ్చింది. మకన్యరారా అని. 'మీరు నోరు మూసుకున్నారు' అని దానర్థం. వేరే పేరుతో పిలిచి చూశాడు, రొట్టెముక్క చూపించి చూశాడు, బైబిల్లోంచి మంచి పేరొకటి ఏరి పెట్టి చూశాడు. అది కదల్లేదు.

ఇప్పుడు కంకులు నిండే రోజులొస్తే తెల్లారగానే ఏటివైపు నుంచి కేక వినబడుతుంది. చర్చి పెద్ద గరికాయి, కోటు లేకుండా, చెలకలో నిలబడి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అరుస్తుంటాడు. "మీరు నోరు మూసుకున్నారూ! మీరు నోరు మూసుకున్నారూ!" గుట్టలు ఆ మాటను తిరిగి అతనికే అప్పజెబుతాయి. చిపీవా టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చుని చివరిదాకా వింటుంది. కుక్క మాత్రం పిలిచిన ప్రతిసారీ తోకూపుకుంటూ అతని దగ్గరికి వస్తుంది.